ఇద్దరం, రెండు బ్యాగులు, మూడున్నర లక్షలు: హిమాలయన్ 450, వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్, సూపర్ మీటియోర్ 650 లో ఏది తీసుకోవాలి?

కోనసీమ_కుర్రాడు

అందరికీ నమస్కారం అండి. నేను ఉండేది మియాపూర్, సొంతూరు అమలాపురం పక్కన. పండక్కీ పబ్బానికీ, మధ్యలో లాంగ్ వీకెండ్ దొరికినా ఊరెళ్ళిపోతుంటాం, సంక్రాంతికి బస్సు టికెట్ల సంగతి మీకు తెలిసిందే కదా. ఇప్పుడున్నది 150 సీసీ బండి, విజయవాడ చేరేసరికే ఇద్దరికీ నడుములు పట్టేస్తున్నాయి. అందుకే బండి మార్చేద్దాం అనుకున్నాం. ఊరు ఒకటే కాదు, అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం, గండికోట ఇవన్నీ ఇద్దరం కలిసి తిరగాలని ఎప్పట్నుంచో ఉంది.

నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 74, మా ఆవిడ 60 దాకా ఉంటుంది. లగేజ్ అంటే ఇద్దరి బట్టలు, రెయిన్ కోట్లు, లాప్‌టాప్ ఒకటి. వచ్చేటప్పుడు మా అమ్మ కట్టిచ్చేవి వేరే, ఆవకాయ, అప్పడాలు, కొబ్బరికాయలు, పూతరేకులు. వెళ్ళేటప్పటి కంటే వచ్చేటప్పుడే బండి మీద బరువెక్కువ.

బడ్జెట్ ఆన్ రోడ్ మూడున్నర, బ్యాగులూ అవీ కలిపి గట్టిగా లాగితే నాలుగు. చూస్తున్నవి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్. మనసు మాత్రం సూపర్ మీటియోర్ 650 మీద ఉంది, అది సెకండ్ హ్యాండ్ అయితేనే అందుతుంది. వీడియో రివ్యూల్లో అందరూ ఒక్కళ్ళే నడిపి పికప్ గురించి చెప్తున్నారు, వెనకాల మనిషి కూర్చుని రెండు పక్కలా బ్యాగులు వేలాడుతుంటే బండి ఎలా ఉంటుందో ఒక్కరూ చెప్పట్లేదు. నాకు కావాల్సింది అదే. వాడుతున్న వాళ్ళు కొంచెం వివరంగా రాయండి ప్లీజ్.

పాలమూరు_పోరడు

అన్నా హిమాలయన్ 450 తీస్కో, నా దగ్గర అదే ఉంది. 452 సీసీ, పవర్ 40 పీఎస్, టార్క్ (లాగే బలం) కూడా 40 ఎన్ఎం, ఇద్దరు కూసున్నా శ్రీశైలం ఘాట్ల గేర్ ఊకె మార్చే పని ఉండది. ముందు వెనక 200 ఎంఎం సస్పెన్షన్ ట్రావెల్ (గుంతలల్ల చక్రం కిందికి మీదికి ఆడే దూరం), స్పీడ్ బ్రేకర్ చూస్కోకుండ ఎక్కిచ్చినా వెనకున్నోళ్ళకి గట్టిగ తగలది. ట్యాంక్ 17 లీటర్లు, నాకైతే హైవే మీద లీటర్‌కి 28-30 ఇస్తది, మియాపూర్ ల ఫుల్ కొట్టిస్తే రాజమండ్రి దాక బంకు చూడనక్కర్లే.

సీటు ఎత్తు 825 ఎంఎం, ఇంకింత కావాల్నంటే 845 పెట్టుకోవచ్చు, నీ ఎత్తుకి లో సీట్ ఏపిచ్చుకో, 805 కి దిగుతది. ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న, ట్యూబ్‌లెస్ స్పోక్ వీల్స్ ఉన్న వేరియంటే తీస్కో. 2023 ల బండి వచ్చినప్పుడు ట్యూబ్ టైర్లే ఉండె, ట్యూబ్‌లెస్ ఆప్షన్ 2024 ల వచ్చింది. మన్ననూర్ దాటినంక నల్లమలల ట్యూబ్ పంచర్ అయితే బ్యాగులన్ని కిందికి దించి చక్రం ఊడదీయాలె, అక్కడ రాత్రి 9 కి గేట్ బంద్ అయితది, పొద్దుగాల 6 దాక తెరువరు. ట్యూబ్‌లెస్ అయితే రోడ్ పక్కన నిలబడి పురుగు (పంచర్ బొక్కల కుక్కే రబ్బరు ముక్క) పెట్టి గాలి కొట్టుకొని ఎల్లిపోవచ్చు, ఆడోళ్ళని ఎంబడి తీస్కపోతున్నప్పుడు ఈ ఒక్కదానికే నాలుగు పైసలు ఎక్కువ పెట్టొచ్చు.

బెజవాడ_బైకర్

బండి బాగుంటుంది, కాదనను. కానీ బడ్జెట్ చెప్పారు కాబట్టి ఒక ముఖ్యమైన విషయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది, 350 సీసీ లోపు బళ్ళకి 28 నుంచి 18 శాతానికి తగ్గింది, 350 దాటిన వాటికి అంతకుముందు సెస్సుతో కలిపి 31 ఉండేది కాస్తా 40 అయింది. అంటే మీ లిస్టులో వీ-స్ట్రామ్ దిగింది, మిగతా రెండూ ఎక్కాయి. హిమాలయన్ 2023 లో 2 లక్షల 69 వేలకి మొదలైన బండి, ఇప్పుడు ఎక్స్ షోరూమే 3 లక్షలు దాటుతోంది. వీ-స్ట్రామ్ 2 లక్షల చుట్టుపక్కల ఉంది. తేడా లక్ష! ఆ లక్షలో మంచి సైడ్ బ్యాగులు, ఇద్దరికీ రైడింగ్ జాకెట్లు, హెల్మెట్లు, క్రాష్ గార్డ్ అన్నీ వచ్చి ఇంకా పెట్రోల్‌కి మిగుల్తాయి.

ఇంకోటి, 2018 నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల హైవే మీద టూ వీలర్‌కి లిమిట్ 80. ఇద్దరూ లగేజ్‌తో వెళ్ళేటప్పుడు 80-90 దాటి వెళ్ళేదేం ఉండదు. ఆ స్పీడ్‌కి 40 పీఎస్ అక్కర్లేదు, 26 సరిపోతుంది. సరిపోనిది ఎక్కడంటే ఓవర్‌టేక్‌లో, సూర్యాపేట దాటాక లారీల వరస మొదలవుతుంది కదా అక్కడ. దాని గురించి వీ-స్ట్రామ్ వాళ్ళే చెప్పాలి.

సీమ_సవారీ

సూపర్ మీటియోర్ నాది. కర్నూలు నుంచి బెంగళూరుకి ఎన్‌హెచ్ 44 మీద పోతా ఉంటా. నున్నటి రోడ్డు మీద దీనంత సుఖమైన బండి ఈ రేటులో ఇంకోటి లేదబ్బా, 648 సీసీ ట్విన్ (రెండు సిలిండర్లు), 52 ఎన్ఎం టార్క్, టాప్ గేర్లో పడేసి వదిలేస్తే అనంతపురం దాకా అట్లే పోతాది, వైబ్రేషన్ అనేది తెలీదు. సీటు 740 ఎంఎం, నీ ఎత్తుకి రెండు కాళ్ళూ పూర్తిగా ఆనతాయి, ఇద్దరు కూర్చుని బ్యాగులు కట్టి నిలబెట్టుకోవాలంటే ఇది చానా పెద్ద విషయం.

అయితే నువ్వు అడిగింది వెనక మనిషి గురించి కదా, ఆడే వస్తాది చిక్కు. వెనక షాక్స్ ట్రావెల్ 101 ఎంఎం మాత్రమే, హిమాలయన్‌లో సగం. గ్రౌండ్ క్లియరెన్స్ (బండి అడుగుకీ నేలకీ మధ్య ఎడం) 135 ఎంఎం. బండి బరువు 241 కేజీలు. గండికోట పోవాలంటే జమ్మలమడుగు దాటినాక రోడ్డు పర్వాలేదు గానీ, ఊర్లలో గుంతలు, ఎత్తు స్పీడ్ బ్రేకర్లు వస్తే ముందున్నోడికి చేతులు కాళ్ళు ఆసరా ఉంటాయి, వెనకున్నోళ్ళకి దెబ్బంతా నేరుగా ఎన్నెముకకే. బ్యాక్‌రెస్ట్, పెద్ద విండ్‌స్క్రీన్ ఉన్న టూరర్ వేరియంట్ తీసుకుంటే కొంచెం మేలు. నేను ఎక్కువ ఒక్కణ్ణే పోతా కాబట్టి నాకు సరిపోయింది. నీకు ఇది వద్దు, మనసు ఎంత లాగినా సరే.

వెనకసీటు_నాది

ఇక్కడ అందరూ ముందు కూర్చునేవాళ్ళే మాట్లాడుతున్నారు కాబట్టి వెనక కూర్చునే మనిషిగా నేను రాస్తాను. మా ఆయనతో చాలా ఊళ్ళు తిరిగాను, బళ్ళు కూడా మారాయి. బండి కొనేముందు వెనకసీటు విషయంలో చూడాల్సినవి చెప్తాను, షోరూమ్‌లో ఎవరూ ఇవి చెప్పరు.

మొదటిది ఎక్కడం దిగడం. ఖాళీ బండి ఎక్కడం ఎవరికైనా వచ్చు. రెండు పక్కలా బాక్సులు, వెనక టాప్ బాక్స్ పెట్టాక కాలు ఎక్కడ నుంచి తిప్పుతారు? టాప్ బాక్స్ మీంచి తిప్పలేం, సైడ్ బాక్స్‌కీ ముందున్న మనిషి వీపుకీ మధ్య సందులోంచే కాలు దూర్చాలి. ఫుట్‌రెస్ట్ మీద నిలబడి, ఆయన భుజం పట్టుకుని, మోకాలు ఛాతీ దాకా మడిచి అవతలికి వేయాలి. ఆ టైమ్‌లో నా బరువంతా ఒకవైపే పడుతుంది, ఆయన కాళ్ళు నేలకి పూర్తిగా ఆనకపోతే ఇద్దరం పడతాం. సీటు ఎత్తు అనేది నడిపేవాళ్ళ విషయం మాత్రమే అనుకుంటారు, నా వరకు అది నేను ఎక్కేటప్పుడు ఆయన ఎంత గట్టిగా నిలబడగలరు అనే లెక్క. చీరైతే ఇదంతా కుదరదు, చుడీదార్ లేదా ప్యాంటే. శారీ గార్డ్ మాత్రం బ్యాగులు పెడుతున్నాం కదా అని పీకించెయ్యకండి, చున్నీ చక్రంలోకి పోకుండా ఆపేది అదే.

రెండోది సీటు వాలు. చాలా బళ్ళకి వెనకసీటు ముందుకి వాలి ఉంటుంది. బ్రేక్ వేసినప్పుడల్లా ముందుకి జారి ఆయన మీద పడడం, మళ్ళీ వెనక్కి సర్దుకోవడం, రోజంతా ఇదే పని అయితే సాయంత్రానికి చేతులు గుంజేస్తాయి. షోరూమ్‌లో కూర్చున్నప్పుడు తెలీదు, రోడ్డు మీద నాలుగైదు సార్లు గట్టిగా బ్రేక్ వేయించి చూడండి.

మూడోది ఫుట్‌రెస్ట్ ఎత్తు. మోకాళ్ళు బాగా మడుచుకుపోతే గంటకే తిమ్మిరెక్కుతాయి. ఎత్తు సీటు ఉన్న బండికి ఇక్కడ లాభం ఉంది, కాళ్ళు కిందకి చాపుకోవచ్చు. ఇక సైడ్ బ్యాగులు మరీ ముందుకి బిగించేస్తే నా మడమలకి తగుల్తాయి, పాదం సగమే ఆనుతుంది. బ్యాగులు బిగించే రోజు వెనక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్ళి కూర్చోబెట్టి బిగించాలి.

నాలుగోది గాలి. ముందున్న అద్దం ఆయనకి గాలి ఆపుతుంది, ఆయన హెల్మెట్ మీంచి వచ్చే గాలంతా నా హెల్మెట్‌ని కొడుతుంది. ఎత్తు విండ్‌షీల్డ్ వేయిస్తే ఒక్కోసారి వెనకాల ఇంకా ఎక్కువవుతుంది. ఇది బండి బండికీ, మనిషి ఎత్తుకీ మారుతుంది, కూర్చుని చూడడమే.

తమ్ముడూ, మీ ఆవిడతో కలిసి టెస్ట్ రైడ్ చేయకుండా మాత్రం బుక్ చేయకు. కాలనీ చుట్టూ తిప్పి ఇచ్చేది టెస్ట్ రైడ్ కాదు, కనీసం గంట అడుగు. ఇవ్వం అంటే ఇంకో షోరూమ్‌కి వెళ్ళు. కుదరకపోతే రెంట్‌కి తీసుకుని ఒక రోజు వికారాబాద్ వెళ్ళి రా, అనంతగిరి కొండల్లో మలుపులూ ఉంటాయి, ఊళ్ళలో బ్రేకర్లూ ఉంటాయి. ఆ రెంట్ డబ్బులు మూడు లక్షల ముందు ఏపాటివి.

పాలమూరు_పోరడు

అక్కా నువ్వు చెప్పిన కాలు తిప్పుడు ముచ్చట నిజం. మా ఇంట్ల గందుకే టాప్ బాక్స్ వద్దన్నరు, సైడ్ బ్యాగులు ఒక్కటే పెట్టిన.

వెనకసీటు_నాది

టాప్ బాక్స్‌కి కుషన్ ఉంటే వీపు ఆనించుకోవచ్చు అదొక సుఖం, అది కూడా చెప్పాలి. నేనైతే టాప్ బాక్స్ ఉంచుకుని సైడ్‌కి మెత్తని బ్యాగులు పెట్టించాను, బట్టలే కాబట్టి కాలు తగిలినా నలగవు, లోపలికి అణుగుతాయి.

ఓరుగల్లు_స్పానర్

మెకానిక్‌ని, వరంగల్‌లో షెడ్ ఉంది. లగేజ్ సంగతి నేను చెప్తా, ఎందుకంటే విరిగిన ర్యాకులు, పగిలిన బ్రాకెట్లు చివరికి మా దగ్గరికే వస్తయి.

టాప్ బాక్స్ కింద ప్లేట్ మీద ఎన్ని కేజీలు పెట్టొచ్చో రాసి ఉంటది, చాలా వాటికి అది పది కేజీలు కూడా దాటదు. బాక్స్ సైజ్ చూసి నింపుతరు, లీటర్లు వేరు కేజీలు వేరు. ఆ బాక్స్ ఉండేది వెనక చక్రం ఇరుసు కన్నా వెనక, పైగా ఎత్తుల. అక్కడ పెట్టిన బరువు వెనక చక్రాన్ని కిందికి నొక్కి ముందు చక్రాన్ని లేపుతది. హ్యాండిల్ తేలిక అయితది, స్పీడ్‌ల అటూ ఇటూ ఊగుతది, గాలి పక్క నుంచి కొడితే ఇంకా ఎక్కువ. కాబట్టి టాప్ బాక్స్‌ల రెయిన్ కోటు, జాకెట్, చార్జర్లు, బిస్కెట్లు, అంతే. బరువు ఉన్నవి సైడ్ బ్యాగుల అడుగున, ఎంత వీలైతే అంత ముందుకు, రెండు పక్కల సమానంగ. కొబ్బరికాయలు ఒక పక్క ఏసి బట్టలు ఇంకో పక్క ఏస్తే బండి ఒక పక్కకే గుంజుతది. ఆవకాయ జాడీ టాప్ బాక్స్‌ల పెట్టకు తమ్ముడూ, అక్కడ అదురు ఎక్కువ, ఎంత మంచి మూత అయినా నూనె పైకొస్తది. ప్లాస్టిక్ డబ్బాలకి మార్చి, మూతకి కవర్ బిగించి, సైడ్ బ్యాగుల బట్టల నడుమ నిలబెట్టు.

ఇంక ప్రీలోడ్, అంటే వెనక స్ప్రింగ్‌ని ముందే ఎంత బిగించి ఉంచాలె అనే సెట్టింగ్. వెనక మనిషి, బ్యాగులు ఎక్కినంక బండి వెనక భాగం కిందికి కూసుంటది. రాత్రి పూట ఎదురొచ్చేటోళ్ళు హెడ్‌లైట్ తగ్గించమని సైగ చేస్తుంటే నీ లైట్ పైకి లేచిందని అర్థం, అంటే వెనక స్ప్రింగ్ మెత్తగ ఉంది. ప్రీలోడ్ పెంచాలె. ఈ మూడు బండ్లకి వెనక ప్రీలోడ్ మార్చుకునే వీలుంది, సర్వీస్ సెంటర్ల అడిగితే ఒక్కసారి చూపిస్తరు. టైర్ గాలి కూడా ఇద్దరికి వేరే లెక్క, మాన్యువల్‌ల ఉంటది. చాలా మంది సస్పెన్షన్ బాగలేదని బండిని తిడుతరు, ఫ్యాక్టరీ నుంచి ఒక్క మనిషికి పెట్టి పంపిన సెట్టింగ్ అట్లే ఉంచి ఇద్దరు తిరుగుతుంటరు.

సాడిల్ స్టే (బ్యాగులు చక్రానికి, సైలెన్సర్‌కి తగలకుండ పక్కన బిగించే ఇనుప ఫ్రేమ్) లేకుండ మెత్తని బ్యాగులు కట్టకు. హిమాలయన్, వీ-స్ట్రామ్ రెండింటికీ సైలెన్సర్ కుడి పక్కనే, బ్యాగ్ అడుగు దానికి తగిలితే బట్టలతో సహా కాలుతది. స్టే వేసినంక సైలెన్సర్‌కీ బ్యాగ్‌కీ మధ్య అరచేయి ఈజీగ దూరాలె, బ్యాగ్ నింపినంక కూడా. ఖాళీ బ్యాగ్‌తో చూసి సరే అనుకోవద్దు.

చివరిది, మాన్యువల్‌ల గ్రాస్ వెయిట్ అని ఉంటది, బండితో కలిపి మొత్తం ఎంత బరువు దాటొద్దో అది. దాంట్లకెల్లి బండి బరువు తీసేస్తే మిగిలిందే నీ హక్కు, దాంట్లనే మీ ఇద్దరు, బ్యాగులు, ర్యాకు ఇనుము, క్రాష్ గార్డ్ అన్నీ ఇమడాలె. మీ ఇద్దరే 134, జాకెట్లు హెల్మెట్లతో 142 అనుకో. అల్యూమినియం బాక్సులు ఖాళీవే చాలా బరువు ఉంటయి, స్టాండ్‌తో కలిపితే ఇంకా. ఆవకాయ పెట్టకముందే లెక్క ముగుస్తది. అందుకే ఇద్దరు తిరిగేటోళ్ళకి నేను మెత్తని బ్యాగులే చెప్తా.

బెజవాడ_బైకర్

స్పానర్ అన్నా ఈ పోస్ట్‌ని పైన పిన్ చేయాలి. ఒక మాట కలుపుతా, స్టే రెడీమేడ్ దొరక్కపోతే మా ఆటోనగర్‌లో కొలత తీసి చేసిచ్చేవాళ్ళు ఉన్నారు, గట్టిగా ఉంటుంది. కానీ కొంతమంది మరీ మందం పైపు వేసేస్తారు, దానికే బోలెడు బరువు. ఫ్రేమ్‌కి వెల్డింగ్ మాత్రం చేయనివ్వకండి, బోల్టులతోనే బిగించాలి, వెల్డింగ్ చేశాక వారంటీ అడిగే మొహం ఉండదు.

ఉక్కునగరం_రైడర్

వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ నాది, విశాఖ. ఇద్దరం లంబసింగి, అరకు, మారేడుమిల్లి అన్నీ తిరుగుతుంటాం కాబట్టి సరిగ్గా మీ కేసే.

249 సీసీ సింగిల్, ఆయిల్ కూల్డ్, 26.5 పీఎస్, 22.2 ఎన్ఎం. బరువు 167 కేజీలే, హిమాలయన్ 196, సూపర్ మీటియోర్ 241. ఈ తేడా కాగితం మీద చిన్నగా కనిపిస్తుంది గానీ, లంబసింగిలో పార్కింగ్ కోసం వాలు మట్టిలో బండిని వెనక్కి నెట్టుకోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. సీటు వెడల్పుగా ఉంటుంది, హ్యాండిల్ దగ్గరగా వస్తుంది, నిటారుగా కూర్చుంటాం, నాకు భుజాల నొప్పి అనేది లేదు. వెనక ర్యాక్ కంపెనీదే వస్తుంది, యూఎస్‌బీ ఉంది. చక్రాలు అల్లాయ్, ట్యూబ్‌లెస్, ముందు 19 వెనక 17 అంగుళాలు.

బెజవాడ బ్రదర్ అడిగిన ఓవర్‌టేక్ విషయం. ఇద్దరం, బ్యాగులతో 80 నుంచి 100 కి వెళ్ళాలంటే ఓపిక కావాలి, గేర్ తగ్గించాలి, ముందు ఎంత ఖాళీ ఉందో లెక్క చూసుకోవాలి. నాలుగు లేన్ల మీద ఏ ఇబ్బందీ లేదు. అరకు దారిలో అనంతగిరి ఘాట్‌లో లారీ వెనక పడ్డామంటే మాత్రం నిదానంగా దాని వెనకే వెళ్తాం. మాకు అది సరిపోయింది, కొందరికి చిరాకు. ఇంకో మైనస్ ట్యాంక్, 12 లీటర్లే, నాకు 35 దాకా వస్తుంది కాబట్టి చింతపల్లి అడవుల్లోకి వెళ్ళేముందు నర్సీపట్నంలో నింపుకుంటా. సీటు ఎత్తు 835, మీ ఎత్తుకి బొటనవేళ్ళూ ముందు పాదమూ ఆనతాయి, మడమలు ఆనవు. అక్క చెప్పిన ఎక్కే దిగే సమస్య ఇక్కడ ఉంటుంది, బండి తేలిక కాబట్టి కాచుకోవచ్చు గానీ చూసుకోండి.

బెంగళూరు_తెలుగోడు

లిస్టులో లేనివి కూడా చెప్తా ఎవరికైనా పనికొస్తుంది. హోండా ఎన్ఎక్స్ 500 కంఫర్ట్‌లో వీటన్నిటికంటే పైన, 471 సీసీ ట్విన్, 47.5 పీఎస్, 196 కేజీలు, నేను ఫ్రెండ్‌ది తీసుకుని చిక్కబళ్ళాపూర్ దాకా వెళ్ళొచ్చా, సిల్క్ లాంటి ఇంజన్. కానీ 2024 జనవరిలో 5 లక్షల 90 వేలకి లాంచ్ చేశారు, ఆ ధరకి మన వాడకానికి లెక్క కుదరదు. బెనెల్లీ టీఆర్‌కే 502 సీటు, వెనకసీటు రెండూ విశాలం, ట్యాంక్ 20 లీటర్లు, ఇండియా ఆపరేషన్ హైదరాబాద్ వాళ్ళదే, బరువు మాత్రం 235.

తక్కువలో కావాలంటే బజాజ్ డామినార్ 400 ని ఎవరూ తలుచుకోవట్లేదు ఎందుకో. 373 సీసీ, 40 పీఎస్, 2021 నుంచి ఎత్తు విండ్‌షీల్డ్, హ్యాండ్ గార్డులు, బ్యాక్‌రెస్ట్‌తో క్యారియర్, ఇంజన్ గార్డ్ ఫ్యాక్టరీ నుంచే వస్తున్నాయి. విలువ అంటే అదీ. మిగతా బళ్ళకి ఇవన్నీ మళ్ళీ మనం కొనుక్కోవాలి, గార్డ్, స్టే, బ్యాగులు, అద్దం కలిపితే తక్కువలో తక్కువ 30-40 వేలు అవుతాయి. ఆ లెక్క కలపకుండా ధరలు పోల్చొద్దు.

సీమ_సవారీ

డామినార్ మంచి బండే గానీ 193 కేజీలు, గ్రౌండ్ క్లియరెన్స్ తక్కువ, మారేడుమిల్లి వాన రోడ్లకి హిమాలయనే మేలు. పాత హిమాలయన్ 411 సెకండ్ హ్యాండ్ కూడా చూడచ్చు, 24 హార్స్‌పవరే గానీ సీటు 800, వెనక సీటు సుఖం, ముందు ట్యాంక్ పక్కన కడ్డీలు ఉంటాయి, దానికి పెట్రోల్ క్యానో చిన్న బ్యాగో కట్టుకోవచ్చు. ఆ బరువు ముందుకి పడతాది కాబట్టి స్పానర్ అన్న చెప్పిన హ్యాండిల్ తేలికయ్యే గొడవ కూడా తగ్గుతాది.

పాలమూరు_పోరడు

411 హైవే మీద 100 కాడ రొద పెడ్తది. సిటీలకి, ఘాట్లకి మంచిదే. 450 ఎక్కినోడు మల్ల 411 ఎక్కడు.

కోనసీమ_కుర్రాడు

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అక్క చెప్పినట్టు మా ఆవిడని తీసుకునే వెళ్ళాను, ఇంట్లో ఉన్న రెండు బ్యాగుల్లో బట్టలు కుక్కి పక్కలకి కట్టి మరీ చూశాం, షోరూమ్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు, గట్టిగా అడిగితే సరే అన్నారు.

హిమాలయన్ 450: నడపడానికి నాకు చాలా నచ్చింది. గుంతల్లో ఇద్దరికీ ఏమీ తెలీలేదు. లో సీట్ ఉన్న బండి లేదు, 825 మీదే చూశాం. ఆవిడ ఎక్కేటప్పుడు నేను ఒక కాలి మీదే బండిని ఆపాల్సి వచ్చింది, 196 కేజీలు పక్కకి వాలుతుంటే భయమేసింది. వెనక సీటు బాగుంది అంది, మోకాళ్ళకి సుఖంగా ఉందంది.

వీ-స్ట్రామ్: ఎత్తు 835 కాబట్టి ఇంకా కష్టమనుకున్నాం, కానీ బండి తేలికవడం వల్ల ఆపుకోగలిగాను. బ్రేక్ వేయించి చూసింది, ముందుకి జారలేదంది. ప్రీలోడ్ ఒకసారి పెంచి, ఒకసారి పెంచకుండా ఒకే స్పీడ్ బ్రేకర్ మీద ఎక్కించాం, స్పానర్ అన్నా మీరు చెప్పింది నూటికి నూరు శాతం నిజం, పెంచాక వెనక ధడేల్‌మని కూలబడడం పోయింది.

సూపర్ మీటియోర్: కూర్చున్న వెంటనే మా ఆవిడకి నచ్చేసింది, ఎక్కడం దిగడం అన్నిట్లోకీ ఇదే సులువు. కేపీహెచ్‌బీ వెనక రోడ్ల మీద తిప్పాక తనే వద్దంది.

వీ-స్ట్రామ్ బుక్ చేశాం అండి. పాలమూరు అన్నా ఏమనుకోవద్దు, పవర్ దగ్గర నాకు మనసు పీకుతోంది నిజమే, కానీ మిగిలిన డబ్బుతో ఇద్దరికీ మంచి జాకెట్లు, తనకి మంచి హెల్మెట్ వస్తున్నాయి, తను అడిగింది కూడా అదే.

పాలమూరు_పోరడు

ఏమనుకుంట అన్నా, వదినకి మంచిగుంటే అదే మంచి బండి. జాకెట్లు ముందుగాల కొను, బ్యాగులు తర్వాత.

కోనసీమ_కుర్రాడు

ఒకే ఒక్క డౌట్ మిగిలింది. వానాకాలంలో మెత్తని బ్యాగులకి పైన వేసే రెయిన్ కవర్ సరిపోతుందా? లాప్‌టాప్ ఉంటుంది కాబట్టి అడుగుతున్నా.

ఉక్కునగరం_రైడర్

సరిపోదు. గాలికి కవర్ ఉబ్బి లేచిపోతుంది, లేవకపోయినా చక్రం చిమ్మే నీళ్ళు కింద నుంచి ఎక్కుతాయి. బ్యాగ్ లోపల నోరు చుట్టి మూసే డ్రై బ్యాగ్ ఒకటి పెట్టండి, లాప్‌టాప్ అందులో. అదీ సైడ్ బ్యాగులో కాదు, టాప్ బాక్స్‌లోనూ కాదు, మీ ఇద్దరిలో ఒకరి వీపు బ్యాగులో పెట్టుకోండి, అదురు తగలదు.

ఓరుగల్లు_స్పానర్

వెనక కూసునే ఆమె వీపుకే ఏయకు, నడుముకి బరువైతది. ట్యాంక్ బ్యాగ్ తీస్కో, లాప్‌టాప్ నీ ముందు ఉంటది, వానొస్తే కళ్ళ ముందే కనిపిస్తది. బండి డెలివరీ అయినంక స్టే బిగించే ముందు ఫోటో పెట్టు, సైలెన్సర్ దగ్గర గ్యాప్ చూసి చెప్తా.